గడ్డకు పిల్లనిస్తారా?

పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు మనం ఏమేం అడుగుతాం? పిల్లగాడు ఏం చదివాడు, పొలం ఎంత ఉంది, అత్తమామలు ఎట్లాంటివాళ్ళు, తాగుడు అలవాటు ఉందా? ఈమధ్య ఇంట్లో బాత్‌రూమ్ ఉందా, ఊళ్ళోకి బస్సు వస్తదా అని కూడా అడుగుతున్నాం. అడగాల్సిందే. కానీ కృష్ణ మధ్యలో ఉన్న ఊరి నుంచి సంబంధం వస్తే ఇవేవీ అడగరట. "గడ్డ మీదనా?" అని ఒక్క మాట అంటారట. ఆ తర్వాత చాయ్ తాగి లేచిపోవడమే.

టీవీలో నది మధ్య ఊళ్ళను ఎప్పుడు చూపించినా వరదనే చూపిస్తారు. ఆగస్టు రాగానే ఎర్రనీళ్ళు, పుట్టిలో నలుగురు మనుషులు, ఒడ్డున గొడుగు పట్టుకున్న విలేకరి. వరద తగ్గగానే ఊరు కూడా తెర మీద నుంచి మాయమైపోతుంది. నా లెక్కలో ఆ ఊళ్ళకు అసలు భయం వరద కాదు. వరద వచ్చిపోయాక బురద ఎత్తిపోసుకుని, ఇల్లు అలుక్కుని, మళ్ళీ పొయ్యి వెలిగించుకుంటారు. పిల్లనివ్వడం మానేస్తేనే ఊరు ఖాళీ అవుతుంది. ఇది ఆఫీసు కాగితాల్లో దొరికే సంగతి కాదు. వంటింట్లో ఆడవాళ్ళు మెల్లగా మాట్లాడుకునే సంగతి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

"మీది యాలాల్ కదా, కృష్ణ ఎక్కడ, మీరెక్కడ?" అని మీరు అడగొచ్చు. మా నది కాగ్నా. మా జిల్లాలోని అనంతగిరి గుట్టల్లో రెండు నదులు పుడతాయి. మూసీ తూర్పుకు, హైదరాబాదు వైపు పోతుంది. కాగ్నా పడమటికి తిరిగి, మా మండలం మీదుగా, తాండూరు పక్కనుంచి కర్ణాటకలోకి పోతుంది. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం, ఇప్పటి మల్ఖేడ్, ఈ కాగ్నా ఒడ్డునే ఉంది. ఆ తర్వాత కాగ్నా భీమలో కలుస్తుంది. భీమ వచ్చి నారాయణపేట జిల్లాలోని తంగిడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి దిగువకు పోతుంటే ఒకదాని తర్వాత ఒకటి గడ్డలు వస్తాయి. అంటే మా ఇంటి చూరు నుంచి కారిన వాన నీళ్ళు ఇంకో రాష్ట్రం తిరిగి వాళ్ళ వాకిళ్ళ ముందు నుంచి పారుతాయన్నమాట. ఆమాత్రం చుట్టరికం ఉంది కాబట్టి మాట్లాడుతున్నాను.

బి.ఏ.లో తెలుగు చదివిన అలవాటు కొద్దీ ఒక మాట చెప్పాలి. నది మధ్యలో తేలిన నేలను గోదావరి వాళ్ళు లంక అంటారు. సముద్రం దగ్గరవాళ్ళు దీవి అంటారు, దిబ్బ అంటారు. మన వైపు గడ్డ అంటారు. కురుమగడ్డ, నారదగడ్డ, గుర్రంగడ్డ. అదే కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి దివిసీమను చుట్టుకుంటుంది. ఆ దివిసీమలో మళ్ళీ అవనిగడ్డ. నది తెలుగు నేల మీద కాలు పెట్టేచోటా గడ్డే, నేల వదిలిపెట్టేచోటా గడ్డే. "పుట్టిన గడ్డ" అని మనం గొప్పగా చెప్పుకునేదీ ఈ మాటే. సంబంధం వచ్చేసరికి మాత్రం అదే మాట వెక్కిరింత అయిపోతుంది.

తాండూరు వైపు దత్తభక్తులు ఎక్కువ. గాణగాపురం పోతారు, కురువపురం పోతారు. కురువపురం అంటే కురుమగడ్డనే. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన చోటని నమ్మకం. ఊరు కర్ణాటకలో రాయచూరు జిల్లా కిందికి వస్తుంది కానీ మనవాళ్ళు మక్తల్ మీదుగా పంచదేవ్‌పహాడ్ చేరి, అక్కడ పుట్టి ఎక్కుతారు. దాటేంతసేపూ గురువు పేరు తలుచుకుంటారు. దర్శనం అయ్యాక మళ్ళీ పుట్టి, మళ్ళీ బస్సు. అక్కడ కాపురాలు చేసేవాళ్ళు ఏం తింటారు, పిల్లలు బడికి ఎట్లా పోతారు అని అడిగినవాళ్ళను నేను చూడలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఊరికే పుట్టలేదు.

నాకు ఈ సంగతులు తెలిసింది మా గల్లీలోని ఒక చెల్లె వల్ల. ఆమె తల్లిగారిల్లు గుర్రంగడ్డ. గద్వాల మండలంలో, జూరాల ప్రాజెక్టు దిగువన, కృష్ణ రెండు పాయల మధ్య ఉన్న ఊరు. ఆమె భర్త తాండూరు బండల పాలిష్ మిషన్ల మీద పని చేస్తాడు. మధ్యాహ్నం పూట కందులు చెరుగుతూనో బియ్యం ఏరుతూనో మేమిద్దరం కూర్చుంటే ఆమె తన ఊరి ముచ్చట్లు చెప్తుంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేను మురిసిపోతుంటే, "మీ పప్పుకు కూడా గుర్తింపు కాగితం ఉన్నదక్కా, మా ఊరికే లేదు" అని నవ్వింది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

వాళ్ళమ్మ ఆ ఊరికి కోడలిగా వచ్చిన రోజు సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పినా వింటాను. పెళ్ళికూతురు అంతకుముందు నదిని ఇంత దగ్గరగా చూడలేదు. సారె గంపలకు ఒక పుట్టి, ట్రంకు పెట్టెకు ఒక పుట్టి, మనుషులకు ఇంకొకటి. పుట్టి గుండ్రంగా ఉంటుంది కదా, కొత్తవాళ్ళకు అది గిర్రున తిరిగిపోతదేమోనని భయం. తెడ్డు వేసే పెద్దమనిషి "నీళ్ళ దిక్కు చూడకు బిడ్డా, అవతలి చెట్టు మీదనే కన్ను పెట్టు" అన్నాడట. ఆ తర్వాత ఊళ్ళోకి కొత్త కోడలు ఎవరొచ్చినా వాళ్ళమ్మ ఒడ్డుకు పోయి అదే మాట చెప్పేదట.

పుట్టి అంటే వెదురు బద్దలను పెద్ద గంపలాగా అల్లి, మీద తోలు కప్పేవారు. ఇప్పుడు తోలుకు బదులు ప్లాస్టిక్ పట్టాలు వేసి, తారు పూస్తున్నారు. ఇది ఎంత పాతదంటే, 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయేస్ తుంగభద్ర దాటే ఇట్లాంటి గంప పడవల గురించి రాసి పెట్టాడు. వాటిలో పదిహేను ఇరవైమంది ఎక్కేవారని, గుర్రాలను, ఎద్దులను కూడా దాటించేవారని రాశాడు. ఎక్కడి నుంచో వచ్చిన మనిషికి అది రాయదగ్గ సంగతిగా కనిపించింది. అయిదు వందల ఏండ్లుగా ఆ గంపలోనే సరుకులు, చంటిపిల్లలు, బాలింతలు దాటుతున్నా మనకు కనిపించలేదు.

ఆ చెల్లె మాటల్లో నాకు బాగా పట్టుబడిన సంగతి ఇంకొకటుంది. గడ్డ మీద ప్రతి ఇంటికీ గట్టు మీద ఒక ఇల్లు ఉండాలి. సొంత ఇల్లు కాదు, చుట్టమో స్నేహమో ఉన్న ఇల్లు. ఎనిమిదో నెల పడగానే గర్భిణి ఆ ఇంటికి వచ్చి ఉంటుంది. పై తరగతులు చదివే పిల్లలు వానాకాలం అక్కడే తింటారు, అక్కడే పడుకుంటారు. మోటారుసైకిలు ఆ ఇంటి వాకిట్లో నిలబెడతారు. రాత్రి పొద్దుపోతే పుట్టి కట్టరు కాబట్టి అంగడికి పోయినవాళ్ళు ఆ అరుగు మీదనే నిద్ర చేస్తారు. దానికి బదులుగా గడ్డ నుంచి కూరగాయలు వస్తాయి, చేపలు వస్తాయి, కోతకు మనుషులు వస్తారు. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్న లెక్క ఉండదు. వంతెన లేని ఊరికి ఇన్నాళ్ళూ ఆ గట్టు మీది ఇంటి ఇల్లాలే వంతెన. అర్ధరాత్రి నొప్పులు మొదలైన పరాయింటి పిల్లను ఆటోలో కూర్చోబెట్టుకుని గద్వాల ఆసుపత్రికి పరుగెత్తిన ఆ తల్లుల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి?

వాన నెలలు వచ్చే ముందు గడ్డ మీద ఇంకో పని ఉండేదట. పిండిగిర్ని గట్టు మీద కాబట్టి జొన్నలు ముందే పట్టించి పెట్టుకోవాలి. ఉప్పు, నూనె, అగ్గిపెట్టెలు, చంటిపిల్ల ఉంటే జ్వరం మందు సర్దుకోవాలి. పిండి అయిపోతే ఇసుర్రాయి దించాలి. "మా అమ్మ ఇప్పటికీ ఇసుర్రాయి పారెయ్యలేదక్కా. మిక్సీ కొనిచ్చినా దాన్ని మూలకు జరపనియ్యదు" అన్నది చెల్లె. మనం ఇసుర్రాయిని పాతకాలపు వస్తువని హాల్లో ముగ్గుపెట్టి అలంకరిస్తున్నాం. ఆమెకు అది కష్టానికి దాచుకున్న ఆయుధం.

వరద తెలుసుకునే పద్ధతి కూడా మారింది. వెనకటి ముసలివాళ్ళు నీళ్ళ రంగు చూసి, కొట్టుకొచ్చే చెత్త చూసి, నది చప్పుడు విని చెప్పేవారట. 1990ల మధ్యలో జూరాల వచ్చింది. తలాపున ఆనకట్ట ఉన్న ఊరికి మబ్బు చూస్తే సరిపోదు, గేట్ల సంగతి తెలియాలి. తమ దగ్గర చినుకు లేకపోయినా మహారాష్ట్రలో, కర్ణాటకలో వానలు పడితే గేట్లు ఎత్తుతారు, పాయలు నిండుతాయి. ఒకప్పుడు వరద ఆనవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళు నేర్పేవారు. ఇప్పుడు అది ఫోన్‌లో వచ్చే వార్త. ఫోన్ ఉండటం మంచిదే. కానీ నది చప్పుడు విని చెప్పగలిగిన ఆఖరి ముసలవ్వ పోతే ఆ విద్య కూడా పోయినట్టే.

2009 అక్టోబర్ వరద మనందరికీ గుర్తే. కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది. గడ్డ మీది ఆడవాళ్ళకు అది ఇంటి లెక్కల్లో గుర్తు. "పెద్దోడు ఆ వరద ముందటేడు పుట్టిండు" అంటారట. 2020 ఆగస్టులో పంచదేవ్‌పహాడ్ దగ్గర సరుకులు తెచ్చుకుని తమ గడ్డకు తిరిగి పోతున్నవాళ్ళ పుట్టి కృష్ణలో బోల్తాపడింది. అందరూ ఇల్లు చేరలేదు. వాళ్ళు విహారానికి పోలేదు, సాహసానికి పోలేదు. మనం చేతిసంచి పట్టుకుని గల్లీ చివర కిరాణా కొట్టుకు పోతామే, ఆ పని మీదనే పోయారు.

ఇప్పుడు మళ్ళీ పెళ్ళి మాటకు వస్తాను. ఆ చెల్లె తమ్ముడికి మూడు సంబంధాలు తప్పిపోయాయి. పిల్లగాడు బుద్ధిమంతుడు, రెక్కల కష్టం తెలిసినవాడు, పొలం ఉంది. నిండుగా పారుతున్న నదిని చూసి ఒక పిల్ల తల్లి ఒడ్డు మీదనే ఏడ్చిందట. ఆ తల్లిని నేను తప్పుపట్టను. నా బిడ్డ అయినా నేను అట్లాగే ఏడ్చేదాన్నేమో. చివరికి అతను గద్వాలలో గది కిరాయికి తీసుకుంటానని మాట ఇచ్చాకే సంబంధం కుదిరింది. ఇప్పుడు పొలం గడ్డ మీద, కాపురం పట్నంలో, ముసలి తల్లి ఇసుర్రాయితో అక్కడే. ఇట్లా ఒక్కొక్క పెళ్ళితో ఒక్కొక్క ఇల్లు గట్టు ఎక్కుతుంది. ఊరు ఖాళీ అవడానికి పెద్ద ప్రళయం అక్కర్లేదు.

"అంత కష్టమైతే అందరినీ ఒడ్డుకు తరలిస్తే సరిపోదా?" అని మా ఇంట్లోనే అన్నారు. పొలం, గొడ్డుగోద, చేపల బుట్ట, తాతల సమాధులు అన్నీ అక్కడ ఉన్నవాళ్ళను ఒడ్డుకు తెచ్చి నాలుగు గోడలు చూపిస్తే అది బతుకు అవుతుందా? 1977 నవంబర్ 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. మిగిలినవాళ్ళు మళ్ళీ అదే నేల మీద ఇళ్ళు వేసుకున్నారు. అది మొండితనం కాదు. తమకు తెలిసిన బతుకు అదే, తిండి పెట్టే నేల అదే.

ఇంకో రకం వాళ్ళున్నారు. "వంతెన వస్తే ఆ అందమంతా పోతుంది, ఆ పాతకాలపు జీవితం పోతుంది" అంటారు. ఎనిమిదో నెలలో పుట్టి ఎక్కాల్సిన అవసరం లేనివాళ్ళే ఈ మాట అనగలరు. గుర్రంగడ్డకు వంతెన మాట ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. కింద నాగాయలంక దగ్గర ఎదురుమొండి దీవి వాళ్ళదీ ఇదే మొర. వంతెన రావాలి, తొందరగా రావాలి. అది దయతలచి ఇచ్చేది కాదు, ఇన్ని తరాలుగా ఇవ్వకుండా ఉంచుకున్న బాకీ.

నా బాధ ఆ వంతెన వచ్చాక ఏమవుతుందన్నది. వచ్చిన అయిదేళ్ళకు పిల్లలకు పుట్టి పేరు కూడా గుర్తుండదు. గుర్తుండాల్సిన పని వాళ్ళకు లేకపోవడం సంతోషమే. కానీ అప్పటికి ఆ బతుకును ఎవరో ఒకరు రాసి పెట్టి ఉండాలి కదా.

రాయడం మనకు చేతకాదని అనలేం. గద్వాల సంస్థానం కవులకు పెట్టింది పేరు, "విద్వద్గద్వాల" అని పిలిపించుకుంది. కోట గురించి, రాజుల గురించి, చీరల గురించి పుస్తకాలున్నాయి. ఆ కోటకు కొద్ది దూరంలో ఉన్న గడ్డ గురించి ఏముంది? అక్కడ సంస్థానం గుర్రాలు మేసేవని వాళ్ళ నాయిన చెప్పిన కథ ఒక్కటి ఆ చెల్లె నోట్లో ఉంది. మా అనంతగిరిలోనే పుట్టిన మూసీని చూడండి. 1908 సెప్టెంబర్ వరదను హైదరాబాదు ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆ రోజు నూటయాభై మంది దాకా ప్రాణాలు కాపాడిందని చెప్పుకునే చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. పట్నం వరదకు చెట్టు కూడా సాక్షి అయింది. గడ్డ మీది వరదలకు సాక్షులు ఇంకా బతికే ఉన్నారు, మనమే అడగడం లేదు.

శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు ఇదే కృష్ణా తీరంలో ఎన్నో ఊళ్ళు మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు పోయి దండం పెట్టుకుంటున్నాం, చాలా మంచి పని జరిగింది. మునిగిన ఇళ్ళకు కొలతలు వేశారు, చెట్లు లెక్కపెట్టారు, నష్టపరిహారం రాశారు. ఏ ఇంటి కోడలు ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ అరుగు మీద ఎవరు కాన్పయ్యారు, బోనం ఏ గడప నుంచి మొదలయ్యేది, ఇవి మాత్రం ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు. రాళ్ళకు దొరికిన జాగ్రత్త ఆ ముచ్చట్లకు దొరకలేదు.

అందుకే నేను అడిగేది చిన్న పని. దీనికి పెద్ద ప్రొఫెసర్లు అక్కర్లేదు. గద్వాలలో, మక్తల్‌లో డిగ్రీ చదివే పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. సెలవుల్లో ఒక అవ్వ దగ్గర కూర్చుని రికార్డు పెట్టండి. "వరద ఎప్పుడొచ్చింది" అని మాత్రం మొదలుపెట్టకండి, అది అందరూ అడుగుతారు. నువ్వు ఏ ఊరి ఆడపడుచువు, ఈ ఒడ్డుకు మొదటిసారి ఎప్పుడొచ్చినవు, పుట్టిలో ఎవరి చెయ్యి పట్టుకున్నవు, గట్టు మీద మీకు అన్నం పెట్టిన ఇల్లు ఏది, నీ కాన్పులు ఎక్కడ అయినయి, వానాకాలం ఏం కూర వండేటోళ్ళు అని అడగండి. కథ దానంతట అదే వస్తుంది. ఆడవాళ్ళను అడిగితే "మాకేం తెలుసు, ఆయన్ని అడుగు" అంటారు. లేచిపోకుండా కూర్చోండి. రెండో గ్లాసు చాయ్ దాకా ఉంటే చెప్తారు.

మన ఇళ్ళల్లోనూ ఒక పని ఉంది. రేపు గడ్డ నుంచి సంబంధం వస్తే పేరు విని లేవకుండా, మిగతా సంబంధాలకు అడిగే ప్రశ్నలన్నీ దానికీ అడగండి. ఒడ్డున మీకు ఎవరున్నారు అన్నది కూడా అడగండి. అన్నీ విన్నాక వద్దనుకుంటే మీ ఇష్టం. ఒక ఊరి పేరే పిల్లగాడి తప్పు కాకూడదు.

నేను నా వంతుగా రెండు వందల పేజీల రూళ్ళ నోటుపుస్తకం ఒకటి కొన్నాను. ఆ చెల్లె వాళ్ళ వాడలోని కోడళ్ళ పేర్లు, వాళ్ళ పుట్టిళ్ళు రాయడం మొదలుపెట్టాం. ఆమెకు గుర్తులేనివి ఫోన్ చేసి వాళ్ళమ్మను అడుగుతున్నది. ఆ తల్లి ఒక పేరు చెప్తే దాని వెనక మూడు పేర్లు వస్తున్నాయి. ఇప్పటికి పదిహేడు మంది అయ్యారు. నిన్న ఆమె ఫోన్‌లో, "మీ యాలాలక్కకు చెప్పు, ఒడ్డు మీద మమ్మల్ని ఉంచుకున్నామె పేరు అందరికంటే ముందు రాయాలె" అన్నదట. మొదటి పేజీ ఖాళీగానే ఉంచాను కాబట్టి అక్కడ రాశాను.